అభిషేక తైలం సీసా (50 మి.లీ.): నూనెకు ఐదుకి రెండు మార్కులు, అమ్మే తీరుకు సున్నా

గుంటూరులో స్వస్థత కూటాలు (ప్రార్థనతో జబ్బులు బాగవుతాయనే క్రైస్తవ సభలు) ఎక్కడ పెట్టినా గేటు పక్కన ఒక బల్ల వేస్తారు. పాటల పుస్తకాలు, వాగ్దానాల క్యాలెండర్లు, ముందు వరుసలో ఈ సీసాలు. సీసా మీద దైవజనుడి ఫోటో, పక్కన క్యూఆర్ కోడ్, 'అమ్మకానికి కాదు, కానుక రూ.200' అని ఒక అట్టముక్క. నూటయాభై ఇస్తే సీసా చేతికి రాదు. పైసా తగ్గని కానుకను మన ఊళ్లో ధర అనే అంటారు.

ముందు నూనె సంగతి. లేత పసుపు రంగు, మూత తియ్యగానే మల్లెపూల సెంటు గుప్పుమంటుంది. ఒలీవ నూనె అని చెప్పి ఇస్తున్నారు. అసలు ఒలీవ నూనెను రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే చాలావరకు మసకబారి చిక్కబడుతుంది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. ఇది తెల్లారేసరికి కూడా నీళ్లలా తేటగానే ఉంది. లిక్విడ్ పారఫిన్ (పెట్రోలియం నుంచి తీసే నూనె) కావచ్చు, పొద్దుతిరుగుడు నూనె కావచ్చు, ఒలీవ నూనె మాత్రం పెద్దగా ఉన్నట్టు లేదు. నుదుటికి రాసుకోవడానికి ఏదైనా ఒకటే. కానీ బల్ల దగ్గర వాలంటీర్లు 'పొద్దున్నే ఒక చెంచా తాగండి' అంటున్నారు, చిక్కల్లా అక్కడే. ఏ నూనో తెలియదు, పైగా సెంటు కలిపింది. చంటిపిల్లల నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి జారి నిమోనియా రావచ్చు.

తయారీదారు పేరు, చిరునామా, నెల, గరిష్ఠ ధర ఏవీ లేవు. ప్యాక్ చేసి అమ్మే సరుకుకు ఇవన్నీ తప్పనిసరి. ఉన్నదల్లా 'నిర్గమకాండము 30:25', అభిషేక తైలం చెయ్యమని చెప్పే బైబిల్ వచనం. దానికి ముందు రెండు వచనాల్లో పాళ్లు కూడా ఉన్నాయి. గోపరసం 500 తులాలు, సుగంధపు పట్ట 250, నిమ్మగడ్డి నూనె 250, లవంగిపట్ట 500, వాటికి ఒలీవ నూనె. ఇందులో ఒక్క దినుసు వాసనైనా ఈ సీసాలో లేదు. పోనీ ఉన్నా ఇబ్బందే. అలాంటిది మళ్లీ చెయ్యకూడదని, దాన్ని అన్యుడి మీద పోసినవాణ్ని జనంలోంచి కొట్టివెయ్యాలని అదే అధ్యాయం 32, 33 వచనాల్లో ఉంది. 25 అచ్చేసినవాళ్లకు 32 కనబడకపోవడం కళ్లజోడు సమస్య కాదు.

వేదిక మీద పాస్టర్ గారు 'మీ డబ్బు నేను ముట్టను' అంటారు. బైబిల్లో ఎలీషా ప్రవక్త కూడా, తన మాటతో కుష్ఠు బాగైన నయమాను ఇవ్వబోయిన కానుక వద్దన్నాడు. వెనకాలే ఆయన సేవకుడు గేహజీ పరుగెత్తి రెండు తలాంతుల వెండి, రెండు జతల బట్టలు పట్టుకొచ్చాడు. ఇక్కడ ఎలీషా, గేహజీ పని పంచుకున్నట్టుంది. గేహజీ మీద ప్రసంగం కూడా ఆ వేదిక మీదే వినొచ్చు.

ఇక వాడకం. షుగర్ ఉన్నవాళ్లు కాలి పుండుకు రాస్తారు. తిమ్మిరి వల్ల నొప్పి తెలియదు, నూనె కింద చీము పడుతున్నా పట్టించుకోరు, 'మందులు వాడితే అవిశ్వాసం' అని ఈలోగా ఇన్సులిన్ మానేస్తారు. వేళ్లు తీయించుకునేదాకా వెళ్లేది ఇలాగే. నయం కాకపోతే జవాబు ముందే సిద్ధం: 'విశ్వాసం చాల్లేదమ్మా.' సాక్ష్యానికి మైకు బాగైనవాళ్లకే ఇస్తారు. షుగర్, క్యాన్సర్ లాంటివి తగ్గిస్తామని ప్రకటించడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. అందుకేనేమో కరపత్రంలో జబ్బు పేరుండదు, మైకులో ఉంటుంది. నోటితో చెప్పినా అది ప్రకటన కిందికే వస్తుందని ఆ చట్టంలోనే రాసి ఉంది.

తప్పంతా బల్ల వెనకాల వాళ్లదే అనలేం. తాయెత్తు కట్టుకున్న పక్కింటావిడది విగ్రహారాధన అంటూ ఆదివారం లూథరన్ గుడిలో ముందు బెంచీలో కూర్చునే పెద్దమనుషులే శుక్రవారం ఈ సీసా కొని బీరువాలో చీరల మధ్య దాస్తారు. గుమ్మానికి రాస్తారు, షాపులో గల్లాపెట్టెకు రాస్తారు, పిల్లాడి హాల్ టికెట్టుకు రాస్తారు (నూనె మరక పడితే బార్‌కోడ్ చదవదు, అదో గొడవ). బైబిల్లో యాకోబు పత్రిక 5:14లో రోగికి రాయమని ఉంది, గల్లాపెట్టెకు కాదు. అందులోనే సంఘపు పెద్దల్ని ఇంటికి పిలిపించమని ఉంది, సీసాను తెప్పించమని లేదు.

ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్) వాళ్ల పద్ధతి ఈ విషయంలో నయం. రోగుల తైలాన్ని పవిత్ర వారంలో బిషప్ గారు ఆశీర్వదిస్తారు. ఫాదర్ గారు వచ్చి నుదుటికి, అరచేతులకు రాసి, మిగిలింది తిరిగి తీసుకెళ్తారు. పూజలకు ఇచ్చే కానుకల సంగతి వేరు, అక్కడా అడగాల్సినవి ఉన్నాయి.

కావాలనుకున్నవాళ్లకు కొత్తపేట మందుల షాపుల్లో చిన్న ఒలీవ నూనె సీసా దొరుకుతుంది, బిల్లుతో సహా. దాన్ని ఇంట్లో పెట్టుకుని మీ సంఘ పెద్దల్నే పిలవండి. ఈ 200 సీసా ఇప్పటికే కొనేసి ఉంటే పుండ్లకు, కంటికి, చెవికి, నోటికి దూరంగా పెట్టండి. కిర్రుమనే తలుపు బందులకు బాగానే పనిచేస్తుంది. మూత వదులు, బైబిల్ సంచిలో మాత్రం వెయ్యకండి.