యూకేలో స్మార్ట్ మీటర్ ఉన్నవాళ్లకు ఏది మేలు: సప్లయర్ మారడమా, ఉన్నచోటే ఉండటమా?

చలికాలం దగ్గరపడితే యూకేలోని మనవాళ్ల నుంచి అదే ప్రశ్న: రీడింగ్ తనంతట తానే పంపే స్మార్ట్ మీటర్ ఉంది కదా, కరెంటు, గ్యాస్ ఇచ్చే కంపెనీని (సప్లయర్‌ని) మారిస్తే అది రీడింగ్ పంపకుండా మూగబోతుందా? మారడం పెద్ద పనేమీ కాదు. 2022 జులై నుంచి ఐదు పనిదినాల్లో అయిపోతోంది. మొదటి 14 రోజుల్లో వద్దనుకుంటే రద్దు చేసుకోవచ్చు కూడా. చూసుకోవాల్సింది మీటర్ సంగతే.

స్మెట్స్-1 అనే తొలితరం స్మార్ట్ మీటర్లు తమను పెట్టిన సప్లయర్‌తోనే మాట్లాడేవి. కంపెనీ మారగానే రీడింగులు ఆగిపోయేవి. ఆ చెడ్డపేరు ఇంకా పోలేదు. రెండోతరం స్మెట్స్-2 వచ్చాక సప్లయర్లందరికీ కలిపి రీడింగులు చేరవేసే డీసీసీ నెట్‌వర్క్ ఒకటే. పాతవాటినీ చాలావరకు అందులో చేర్చారు. అయినా గ్యాస్ మీటర్‌తో తంటా ఉంటుంది. అది బ్యాటరీ మీద నడుస్తూ, కరెంటు మీటర్ దగ్గరున్న హబ్ (సిగ్నల్ పంపే చిన్న పెట్టె) ద్వారానే రీడింగ్ పంపుతుంది. మధ్యలో మందపాటి గోడలుంటే సిగ్నల్ అందకపోవచ్చు. మారిన కొత్తలో వంటింట్లో పెట్టుకున్న డిస్‌ప్లే పాత రేటే చూపించినా టెన్షన్ పడొద్దు. బిల్లు వేసేది మీటర్‌ని చూసి, డిస్‌ప్లేని చూసి కాదు.

ఉన్నచోటే, మారుతూ ఉండే వేరియబుల్ రేటులో ఉంటే, కరెంటు, గ్యాస్ నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ పెట్టే గరిష్ఠ పరిమితి (ప్రైస్ క్యాప్) వర్తిస్తుంది, మూడు నెలలకోసారి మారుతుంది. క్యాప్ ఉన్నది యూనిట్ రేటుకీ వాడినా వాడకపోయినా పడే రోజువారీ స్టాండింగ్ చార్జీకీ. మొత్తం బిల్లుకు కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. క్యాప్ కన్నా తక్కువకు ఫిక్స్‌డ్ (గడువు దాకా రేటు మారని) టారిఫ్ దొరికితే నేనైతే మారమనే చెబుతాను. మీటర్ మూగదైనా నష్టం లేదు, నెలకోసారి రీడింగ్ మీరే ఇచ్చుకోవచ్చు. గడువుకు ముందే వదిలేస్తే కట్టే ఎగ్జిట్ ఫీజు ఎంతో మాత్రం ముందే చూసుకోండి. గడువు ముగిసే ముందు 49 రోజుల్లో అది ఉండదు.

అరగంటకో రేటు మారే టారిఫ్ కావాలంటే మాత్రం మీటర్ మాట్లాడి తీరాలి. ప్రజలకు ఉచితంగా సలహాలిచ్చే సిటిజన్స్ అడ్వైస్ సంస్థ సైట్‌లో అడ్రస్ కొడితే మీ మీటర్ స్మార్ట్‌గా పనిచేస్తోందో లేదో చెబుతుంది. అయితే ఆ టారిఫ్‌లో సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా రేటు మండిపోతుంది. పిల్లలు బడి నుంచి వచ్చేదీ, కుక్కర్ పెట్టేదీ అప్పుడే. రాత్రిపూట చార్జ్ చేసుకునే ఎలక్ట్రిక్ కారు లేని ఇంటికి నేను చెప్పను.

ముందే డబ్బు కట్టి వాడుకునే ప్రీపేమెంట్ మీటర్ వాళ్లూ మారవచ్చు, ఒక్కో ఇంధనానికి బాకీ 500 పౌండ్లలోపు ఉన్నా సరే.

మారే రోజున రెండు మీటర్లనూ అంకెలు కనబడేలా ఫోటో తీసి పెట్టుకోండి. పాత కంపెనీ ఆరు వారాల్లో ఫైనల్ బిల్లు ఇవ్వాలి. మీ డబ్బు మిగిలి ఉంటే ఆ తర్వాత పది పనిదినాల్లో వాపసు చేయాలి.