ఇంగ్లీష్–ఉర్దూ డిక్షనరీ యాప్: ఏళ్ల తరబడి వాడాక

హైదరాబాద్ పాతబస్తీలో ఉర్దూ మీడియం పిల్లలకు ఇంగ్లీష్ ట్యూషన్ చెబుతుంటాను. మాది తెలుగు. ఉర్దూ బాగానే మాట్లాడతాను కానీ చదవడం నిదానం. కొన్నేళ్లుగా ఫోన్లో ఒక ఉచిత ఇంగ్లీష్–ఉర్దూ డిక్షనరీ యాప్ మీదే బండి నడుస్తోంది. పేరు చెప్పను, ఈ రకం యాప్‌లన్నీ దాదాపు ఒకే తీరు.

నెట్ లేకపోయినా పనిచేస్తుంది, స్పెల్లింగ్ కాస్త తప్పినా పట్టేస్తుంది. యాడ్లు విసిగిస్తాయి కానీ డేటా ఆపేస్తే ఆ బాధ లేదు.

దాని అసలు బండారం 'ఆపొనెంట్' (ప్రత్యర్థి) లాంటి మాట దగ్గర బయటపడుతుంది. కొట్టగానే హరీఫ్, ముఖాలిఫ్, మద్దె ముఖాబిల్, రఖీబ్, దుష్మన్ అని వరసగా కుమ్మరిస్తుంది. ఏది ఎక్కడ వాడాలో ఒక్క ముక్క చెప్పదు. క్రికెట్ మ్యాచ్ గురించి రాయమంటే, ఆ వరసలో తనకు బాగా తెలిసింది దుష్మన్ ఒక్కటే కాబట్టి ఒక కుర్రాడు దాన్నే పట్టుకుని 'ఎనిమీ టాస్ గెలిచింది' అని రాసుకొచ్చాడు. వాడి తప్పేముంది?

ఆటకైనా ఎన్నికలకైనా హరీఫ్ సరిపోతుంది. ఎదురెదురుగా తలపడేవాడు మద్దె ముఖాబిల్. మన మాటను, మన పనిని వ్యతిరేకించేవాడు ముఖాలిఫ్. కోర్టులో అవతలి పక్షం ఫరీఖె ముఖాలిఫ్. రఖీబ్ ఎక్కువగా గజళ్లలో ఉంటాడు, ఒకే అమ్మాయి కోసం పోటీ పడేవాడు. వాణ్ని క్రికెట్ టీమ్‌లోకి తెస్తే పిల్లలు పడీ పడీ నవ్వుతారు. ఇక క్యారమ్స్ బోర్డు దగ్గర వీటిలో ఏదీ వినపడదు. అక్కడ 'సామ్నేవాలా', అంటే మన 'ఎదుటోడు'. యాప్‌లో ఆ మాటే లేదు. నేను పాఠం దాంతోనే మొదలుపెడతాను.

తెలుగువాళ్లు తడబడే చోటు ఇంకోటుంది. మన కోర్టు వార్తల్లో ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు! ప్రతివాదిని ముద్దఆ అలైహ్ అంటారు. యాప్ అర్థం సరిగ్గానే ఇస్తుంది, మన చెవే ఒప్పుకోదు.

ఉచ్చారణ వినిపించే బటన్ ఉంది కానీ మా పిల్లలకు అది పరాయి గొంతు. హైదరాబాద్ నోట్లో ఖాఫ్ అనే ఉర్దూ అక్షరం 'ఖ' అయిపోతుంది కాబట్టి వాళ్లకది రఖీబ్. బటన్ నొక్కితే గొంతులోంచి 'రకీబ్' లాంటిదేదో వస్తుంది. అక్షరాలు కూడా వాళ్ల పుస్తకాల్లో ఉండే వాలు రాత నస్తాలీక్‌లో కాకుండా అరబ్బీ పుస్తకాల నస్ఖ్‌లో కనిపిస్తాయి. దాంతో చిన్నపిల్లలు కూడబలుక్కుని చదువుతారు.

అనుమానం వస్తే 1884 నాటి ప్లాట్స్ నిఘంటువు తీస్తాను. షికాగో విశ్వవిద్యాలయం సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, మన బ్రౌన్ తెలుగు నిఘంటువు ఉన్నదీ అక్కడే. ప్లాట్స్‌ది ఉర్దూ నుంచి ఇంగ్లీష్‌కు కాబట్టి యాప్ ఇచ్చిన మాటల్ని ఒక్కొక్కటిగా అందులో సరిచూసుకోవచ్చు. అది అరబ్బీదో, ఫారసీదో, దేశీయమో ఒక్క అక్షరం గుర్తుతో చెప్పేస్తుంది, ఉచ్చారణ రోమన్ లిపిలో ఇస్తుంది. నాలాంటి నిదానపు చదువరికి అదే ప్రాణం. కొత్త మాటలు మాత్రం అందులో వెతక్కండి.

ఐదుకు మూడు ఇస్తాను. యాడ్లు లేని వెర్షన్‌కు డబ్బు కట్టొద్దు, అందులోనూ ఇదే జాబితా, ఇదే గొంతు.