బ్యాలియాజా, ఫాయిల్ హైలైట్సా: నల్లజుట్టుకు ఏది మేలు?

జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. రంగు వేయించుకున్నాక మళ్లీ ఎప్పుడు సెలూన్ మెట్లెక్కాలో తేల్చేది ఆ సెంటీమీటరే. సన్నపాయలకు బ్లీచ్ పూసి రేకులో చుట్టే ఫాయిల్ హైలైట్స్‌లో రంగు కుదుళ్ల దగ్గరే మొదలవుతుంది. అందుకే రెండు నెలలు తిరిగేసరికి పాపిట వెంట నల్లటి పట్టీ తేలుతుంది. చేత్తో బ్రష్ పట్టి పూసే బ్యాలియాజ్‌లో రంగు కుదుళ్లకు బాగా కిందుగా, పలచగా మొదలై చివర్లకు వచ్చేసరికి పూర్తి లేత రంగుకు చేరుతుంది. మొదలు ఎక్కడో కంటికి ఆనదు కాబట్టి జుట్టు పెరిగిందనీ తెలియదు. నాలుగు నెలలు ముట్టుకోకపోయినా ఎబ్బెట్టుగా ఉండదు. మాటిమాటికీ సెలూన్‌కు వెళ్లే ఓపిక లేనివాళ్లకు మేం చెప్పేది ఇదే.

కాకపోతే ఇదంతా పూసే చేతిమీద ఆధారపడిన పని. పాయను బిగుతుగా లాగిపట్టి, బ్రష్ అంచుతో 'వి' ఆకారంలో రెండు పక్కలా గీస్తూ దిగాలి. పైభాగంలో మందు, అంటే జుట్టు రంగును విడగొట్టే బ్లీచ్, పాయ పైపొరకే తగలాలి. కింది మూడో వంతులో మాత్రం అటూ ఇటూ తిప్పి, లోపలి వెంట్రుకలు కూడా తడిసేలా పట్టించాలి. పైనే బ్రష్ నిండా మందు పెట్టేస్తే అక్కడ అడ్డగీత పడుతుంది. అది ఎంత దువ్వినా దాగదు, బ్లీచ్ తర్వాత ఛాయను సరిదిద్దే టోనర్‌తోనూ పూర్తిగా పోదు. కలిపిన బ్లీచ్ బ్రష్ వంచినా జారనంత చిక్కగా ఉండాలి. బ్లీచ్‌లో కలిపే పెరాక్సైడ్ ద్రవం, అంటే డెవలపర్, 6 శాతం (20 వాల్యూమ్) గానీ 9 శాతం (30 వాల్యూమ్) గానీ వాడతారు.

ఫాయిల్ చుట్టకుండా పూసిన బ్లీచ్ ఆరిపోతే పని ఆపేస్తుంది. ఫాయిల్ లోపల తడి, వేడి నిలుస్తాయి కాబట్టి రంగు ఎక్కువ విడుతుంది. నల్లజుట్టు విడేటప్పుడు ముందు ఎరుపు, తర్వాత నారింజ, ఆపైన పసుపు బయటపడతాయి. మామూలు బ్యాలియాజ్ చాలాసార్లు నారింజ దగ్గరే ఆగుతుంది. రాగి, కారమెల్ ఛాయలకు అది సరిపోతుంది. బూడిద రంగో, లేత బ్లాండో కావాలంటే ఫాయిల్ తప్పదు. చేత్తో పూసి ఆ పాయనే ఫాయిల్‌లో చుట్టే 'ఫాయిలేజ్' అనే మధ్యేమార్గం ఉంది. దట్టమైన నల్లజుట్టుకు అన్నిటికన్నా నమ్మదగినది అదే.

ఫాయిల్‌తో వచ్చే చిక్కు వేరు. మందు ఉబ్బి, అంచు దాటి కారితే కుదుళ్ల దగ్గర పసుపు చుక్కలు పడతాయి. మాడుకు అర సెంటీమీటరు ఎడం వదిలి, మందు మరీ దట్టించకుండా పెడితే ఆ బెడద తగ్గుతుంది.

తల నెరిసినవాళ్ల లెక్క మారుతుంది. బ్యాలియాజ్ కుదుళ్లను ముట్టదు కాబట్టి పాపిట తెలుపు తెలుపుగానే ఉంటుంది. నెరుపు బాగా ఉంటే సన్నసన్న పాయలు తీసి పెట్టే ఫాయిల్సే మేలు, తెల్ల వెంట్రుకలు వాటిలో కలిసిపోతాయి.

ఏది ఎంచుకున్నా టోనర్ నాలుగు నుంచి ఆరు వారాల్లో వెలిసిపోతుంది. బ్యాలియాజ్ అంటే ఇక ఏ పోషణా అక్కర్లేదనుకునేవాళ్లు నిరాశపడేది ఇక్కడే. నారింజ తేలితే వారానికోసారి నీలం షాంపూ, పసుపు తేలితే ఊదా షాంపూ వాడండి. రెండు నెలలకోసారి టోనర్ ఒక్కటి మళ్లీ వేయించుకుంటే చాలు, బ్లీచ్ జోలికి పోనక్కర్లేదు.

హెన్నా పెట్టుకునే అలవాటుంటే ముందే చెప్పండి. కొన్ని హెన్నా పొడుల్లో కలిపే లోహ లవణాలు పెరాక్సైడ్‌తో కలిసి వేడెక్కి జుట్టును తెంపేస్తాయి. మెడ వెనక నుంచి ఒక సన్నపాయ కత్తిరించి, అదే మందు పూసి చూడమని అడగండి. వేడి పుట్టినా, వెంట్రుక సాగి తెగినా ఆ జుట్టుకు రెండూ వద్దు.