వాగ్దాన వచనమా, ఏడాదిలో మొత్తం బైబిలా, ఒక్కొక్క గ్రంథం నెమ్మదిగానా: ఏది మేలు?

డిసెంబరు వచ్చిందంటే సంఘంలో చాలామంది నన్ను అడిగేది ఒకటే: "అన్నా, కొత్త సంవత్సరంలో బైబిలు ఏ పద్ధతిలో చదవమంటారు?" అడిగేవాళ్లలో ఎక్కువమంది బైబిలుకు కొత్తవాళ్లు కారు. ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న యువకులు, అప్పుల మధ్య పిల్లలను చదివిస్తున్న తల్లులు, ఈమధ్యే ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు. పొద్దున్నే కాసేపు వాక్యం దగ్గర కూర్చుంటే ఆ రోజు గడపడానికి బలం దొరకాలన్నది వాళ్ల కోరిక. ఆ కోరికను మనసులో పెట్టుకునే ఈ పద్ధతులను పోలుస్తున్నాను.

మనకు అన్నిటికంటే దగ్గరైనది వాగ్దాన వచనం. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకునే కార్డు, గోడమీది క్యాలెండరులో తేదీకొక వాక్యం, తెల్లవారగానే ఫోనుకు వచ్చే వచనం, అన్నీ ఈ కోవలోవే. వీటిని తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. ఆసుపత్రి వరండాలో కూర్చున్న మనిషి అధ్యాయాలకు అధ్యాయాలు చదవలేడు. చదువురాని పెద్దావిడ నోటికి వచ్చిన నాలుగు కీర్తనల మీదే జీవితమంతా నిలబడి ఉండవచ్చు. అలాంటి చోట ఒక్క వచనం చాలు.

కానీ వచనం ఒంటరిగా చేతికి వచ్చినప్పుడు, దాని అర్థాన్ని మన అవసరమే నిర్ణయిస్తుంది. నా దృష్టిలో అసలు తేడా వచ్చేది ఇక్కడే. యిర్మీయా ప్రవక్త గ్రంథంలో 29:11 చూడండి. రాబోయే కాలంలో మీకు నిరీక్షణ కలిగేలా, సమాధానకరమైన ఉద్దేశాలే నాకున్నాయని దేవుడు చెప్పే ఆ వచనం కార్డుల మీదా, ఇళ్ల గోడల మీదా కనిపిస్తుంది. పరీక్షకు వెళ్లే విద్యార్థి, వీసాకు వెళ్లే ఇంజనీరు దాన్ని తమ పని అవుతుందన్న మాటగా తీసుకుంటారు. పని కాకపోతే తమ విశ్వాసంలోనే ఏదో లోపం ఉందనుకుంటారు. ఆ బాధ నేను చాలా ముఖాల్లో చూశాను.

అదే వచనాన్ని 28వ అధ్యాయం నుంచి చదవండి. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము ప్రజలలో కొందరిని బబులోనుకు చెరపట్టుకుపోయాడు. హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో నిలబడి, రెండేళ్లలో అందరూ తిరిగి వచ్చేస్తారని ప్రకటించాడు. బబులోనుకు లొంగి ఉండాలనడానికి గుర్తుగా యిర్మీయా మెడమీద వేసుకున్న కాడిని తీసి విరిచాడు కూడా. జనానికి నచ్చే మాట అది. దాని తర్వాతి అధ్యాయంలో, చెరలో ఉన్నవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం ఉంది. తిరిగి రావడానికి డెబ్బై ఏళ్లు పడుతుందన్నాడు. అంటే ఉత్తరం అందుకున్న పెద్దవాళ్లలో చాలామంది సొంత ఊరిని మళ్లీ చూసే అవకాశమే లేదు. ఇళ్లు కట్టుకుని కాపురముండండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి, పెళ్లిళ్లు చేసుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అన్నాడు. నిరీక్షణ గురించిన ఆ ప్రసిద్ధ వచనం వీటన్నిటి తర్వాత వస్తుంది.

ఇలా చదివితే ఆ వచనం బలం తగ్గుతుందా? నాకైతే పదింతలు పెరిగింది. కోరుకున్నది జరగని ఏళ్లు కూడా దేవుని లెక్కలో ఉన్నాయని, ఆ ఏళ్లలో నాటిన చెట్టుకూ పెంచిన బిడ్డకూ విలువ ఉందని ఆ ఉత్తరం చెబుతోంది. కడప నుంచో కోనసీమ నుంచో కువైటుకు ఇంటిపనికి వెళ్లి, పిల్లలను ఫోనులోనే చూసుకుంటున్న అక్కకు ఈ ఉత్తరం అక్షరాలా ఆమె కోసం రాసినట్టే ఉంటుంది. ఒంటరి వచనం ఆమెకు ఇంటికి చేరే తేదీని ఊహించుకోమంటుంది. ఉత్తరమంతా చదివితే ఈరోజు ఎలా బతకాలో తెలుస్తుంది.

ఇక ఏడాదిలో మొత్తం బైబిలు. 66 గ్రంథాలు, 1,189 అధ్యాయాలు, రోజుకు మూడు నాలుగు చొప్పున. స్కాట్లాండులోని డండీలో పాస్టరుగా ఉన్న రాబర్ట్ మర్రే మెక్‌చెయిన్ తన సంఘం కోసం 1842లో రూపొందించిన పట్టికను ఇప్పటికీ చాలా దేశాల్లో వాడుతున్నారు. దాని ప్రకారం పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండుసార్లు పూర్తవుతాయి. దీని మేలు గొప్పది. ఇందాకటి యిర్మీయా ఉత్తరం ఏ కథలో ఏ మలుపు దగ్గర వస్తుందో ఇలా చదివినవాళ్లకే తెలుస్తుంది. ప్రతి విశ్వాసీ జీవితంలో ఒక్కసారైనా ఇలా చదవాలి, రెండేళ్లు పట్టినా సరే. ఇబ్బంది ఎక్కడంటే, ఆదికాండము నుంచి వరుసగా వెళితే జనవరి చివరికి బలుల, శుద్ధి నియమాలతో నిండిన లేవీయకాండము వస్తుంది. అక్కడ చాలామంది ఆగిపోతారు. ఆగనివాళ్లలోనూ కొందరు, తప్పిపోయిన రోజుల బాకీ తీర్చడానికి ఆదివారం మధ్యాహ్నం పన్నెండు అధ్యాయాలు కళ్లతో దాటేస్తారు. పట్టికలో గడి నిండుతుంది, మనసులో ఏమీ నిలవదు.

రోజుకొక పేజీ ఉండే అనుదిన ధ్యాన పుస్తకాలు మంచివే, పక్కన బైబిలు కూడా తెరిస్తే. కతోలిక సంఘంలో ఆదివారాలకు మూడేళ్ల, మామూలు రోజులకు రెండేళ్ల పఠనక్రమం ముందే ఉంది. ఆ సంఘం వాళ్లు దాన్ని అనుసరిస్తే చాలు. ప్రయాణంలో ఉండేవాళ్లకు ఆడియో బైబిలు ఉపయోగపడుతుంది.

నేను ఎంచుకున్నది మూడో దారి: ఒక చిన్న గ్రంథం, ఒక నెల. మొదటిరోజు మొత్తం ఒకే కూర్చోవడంలో చదవాలి. తర్వాత రోజుకు నాలుగైదు వచనాలు, వాటి ముందు వెనకలతో సహా. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, ఏ కష్టంలో ఉన్నారు అన్నది ముందు చూసి, ఆ తర్వాతే మన సంగతికి రావాలి. సంఘాలకు ఉత్తరాలు రాసిన అపొస్తలుడు పౌలు వచనాలకు అంకెలు వేసి పంపలేదు. కొత్త నిబంధనకు ఇప్పటి వచన సంఖ్యలు 1551లో రాబర్ట్ ఎస్తియెన్ అనే ముద్రాపకుడు ఇచ్చినవి. ఉత్తరాన్ని ఉత్తరంలాగే చదవడం న్యాయం. ఈ దారిలో లోటు కూడా ఉంది: ఇలా ఏళ్ల తరబడి ఇష్టమైన పత్రికల (అపొస్తలుల ఉత్తరాల) దగ్గరే తిరుగుతూ ధర్మశాస్త్రాన్నీ ప్రవక్తలనూ ముట్టుకోకుండా ఉండిపోవచ్చు. అందుకే కొత్త నిబంధన నుంచి ఒకటి చదివితే, తర్వాతది పాత నిబంధన నుంచి తీసుకోవాలి.

మొదలుపెట్టేవాళ్లకు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక బాగుంటుంది. నాలుగు అధ్యాయాలు, 104 వచనాలు. "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అన్న పౌలు సంకెళ్లలో ఉన్నాడనీ, దానికి ముందు వచనంలో ఆకలితో ఉండడం కూడా నేర్చుకున్నానన్నాడనీ అప్పుడు తెలుస్తుంది. పంటపోయి, వ్యాపారం పోయి ఉన్నవాళ్లకు హబక్కూకు. మూడే అధ్యాయాలు, మొదటిది దేవునికి ఫిర్యాదుతో మొదలవుతుంది. మనిషిని పోగొట్టుకున్నవాళ్లు విలాపవాక్యములు తీసుకోవచ్చు, కానీ మూడో అధ్యాయం మధ్యలో ఉన్న ఓదార్పు దగ్గరికి గబగబా వెళ్లవద్దు. ముందున్న రెండు అధ్యాయాల ఏడుపు మీ కోసమే అక్కడ ఉంది. పిల్లలతో కుటుంబ ప్రార్థనలో చదవాలంటే రూతు, రాత్రికొక అధ్యాయం చొప్పున నాలుగు రాత్రులు. కరవు, చావు, పరిగె ఏరుకునే విధవరాలు అన్నీ ఉన్నాయి కాబట్టి పిల్లలు ప్రశ్నలు వేస్తారు. వాటికి సమయం ఉంచుకోండి.