మా డబుల్ బ్యారెల్ ఏ ఏటిది? ముద్రలు చదివాక నా సమీక్ష

తాతగారి నుంచి నాన్నకు, నాన్న నుంచి నాకు వచ్చిన పన్నెండు బోరు తుపాకీ ఇది. లైసెన్సు పుస్తకంలో డీబీబీఎల్ (వెనుక నుంచి తూటా పెట్టే రెండు గొట్టాల తుపాకీ) అని, పక్కన ఒక నంబరు, అంతే. నర్సంపేట వైపు మా మొక్కజొన్న చేలకు అడవి పందుల బెడద ఎక్కువ కాబట్టి పంట రక్షణ కోసం లైసెన్సు కొనసాగిస్తున్నాం. మా వేట ముచ్చట 1972 వన్యప్రాణి రక్షణ చట్టంతోనే ముగిసింది. నా చేతిలో ఇది పేలిందంతా చప్పుడుతో పందులను తరమడానికే.

ఇంట్లో దీన్ని నిజాం కాలం నాటిదనే చెప్పుకునేవారు. గొట్టాల మీద చెక్కిన పేరు చూసి ఏడు తేల్చవచ్చని చాలామంది నమ్మకం. మాదాని మీద ఉన్నది కలకత్తాలో అమ్మిన దుకాణం పేరు. నంబరు కూడా తయారీదారు ఖాతా పుస్తకం దొరికితేనే అక్కరకొస్తుంది. ఇంగ్లండులో తుపాకీని అమ్మకానికి ముందు మామూలుకన్నా ఎక్కువ మందుతో పేల్చి పరీక్షించి ముద్ర వేయాలన్నది చట్టం. గొట్టాలు విప్పితే అడుగున చదునైన చోట ఆ ముద్రలు ఉంటాయి. అసలు సాక్ష్యం అదే.

మాదానికి కిరీటాల కింద బీవీ (బర్మింగ్‌హామ్ తనిఖీ), బీపీ (బర్మింగ్‌హామ్ పరీక్ష), ఎన్‌పీ (నైట్రో మందుతో పరీక్ష) అని విడివిడిగా ఉన్నాయి. అంటే బర్మింగ్‌హామ్‌లో 1904 తర్వాత, 1954 పరీక్షా నిబంధనలకు ముందు పరీక్షించినది. ఆ నిబంధనలతో వాటి బదులు బీఎన్‌పీ అనే ఒకే ముద్ర వచ్చింది. పక్కనే ఒకదానిపై ఒకటి అడ్డంగా వేసిన ఈటెల్లాంటి చిన్న గుర్తు, దాని ఎడమ సందులో ఒక అక్షరం. మసి పట్టి ఏమీ తెలియలేదు. కిరోసిన్‌తో, పాత పళ్ల బ్రష్షుతో తుడిచి, సుద్దపొడి రుద్ది, ఫోను లైటును పక్కవాటుగా పెట్టి భూతద్దంతో చూస్తే సీ కనిపించింది. 1950లో ఏతో మొదలైన ఏటి అక్షరాల వరుసలో సీ అంటే 1952. దాన్ని జీ అనుకుంటే 1956 అవుతుంది, కానీ అప్పటికి బీఎన్‌పీ ఉండాలి కదా! ఇసుక కాగితం మాత్రం ముట్టించకండి, ఆధారమే చెరిగిపోతుంది.

నిజాం పాలనను ముగించిన పోలీసు చర్య జరిగింది 1948లో, అంటే ఇది నిజాం కాలం నాటిది కాదు. మా చిన్నాన్న ససేమిరా ఒప్పుకోలేదు, "ముద్ర తర్వాత కొట్టించి ఉంటారు" అన్నారు. ఆ మాటలో పస లేకపోలేదు. గొట్టాలు మార్చినా, లోపల తొలిచినా మళ్లీ పరీక్ష తప్పదు. ముద్ర చెప్పేది పరీక్ష జరిగిన ఏడే. అయితే మళ్లీ పరీక్షిస్తే పాత ముద్రల పక్కన కొత్తవి చేరతాయి. ఇక్కడ ఒకే విడత ఉంది.

ఆ ముద్రల్లోనే తూటా గది పొడవు రెండున్నర అంగుళాలని ఉంది. నాకు ఏడుకన్నా ఇదే ఎక్కువ పనికొచ్చింది. దీనికి 65 మిల్లీమీటర్ల తూటాయే వాడాలి. 70ది చక్కగా లోపల కూర్చుంటుంది కానీ, పేలినప్పుడు దాని మూతి విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది.

పనితనానికి వంక పెట్టలేను. గొట్టాలు మూస్తే ఇప్పటికీ సందు కనిపించదు. ఎడమ ట్రిగ్గర్ కాస్త బరువు, ఖాళీ తూటాను వేలితో లాగాలి, భుజానికి ఆనే కర్ర మడమ దగ్గర చీలింది. ఎన్నికల కోడ్ రాగానే అప్పగించి, తిరిగి తెచ్చుకునేసరికి ఒకసారి గొట్టాల లోపల తుప్పు చుక్కలు తేలాయి. అప్పటినుంచి గ్రీజు పూసే ఇస్తున్నాను. పాత తుపాకీని బదిలీ చేయించుకోదలిస్తే, ధర మాట్లాడకముందే గొట్టాలు విప్పి అడుగు చూపించమనండి.