బెర్లిన్ కాపురం: కాలింగ్ బెల్ పక్కన పేరు పడేదాకా

బెర్లిన్‌లో ఉద్యోగం వచ్చిందని ఫోన్ చేసేవాళ్లు ముందుగా అడిగేది, ఏ ఏరియాలో ఇల్లు చూసుకుంటే మంచిదని. నేను తిరిగి అడిగేది వేరు: "మొదట దిగే చోట ఆన్‌మెల్డుంగ్‌కి కాగితం ఇస్తామన్నారా?" ఫలానా చిరునామాలో ఉంటున్నామని బ్యూర్గరామ్ట్ అనే ఆఫీసులో నమోదు చేయించుకోవడమే ఆన్‌మెల్డుంగ్. ఇంట్లో చేరిన రెండు వారాల్లో చేయించాలని చట్టం. ఫీజేమీ లేదు. కాకపోతే "వీళ్లు నా ఇంట్లో దిగారు" అని ఓనరు సంతకం పెట్టిన కాగితం చూపించాలి. నమోదు కాకపోతే ట్యాక్స్ నంబరు పోస్టులో రాదు. ఆ నంబరు లేకపోతే జీతంలో పన్ను ఆరో తరగతి లెక్కన కోస్తారు, అంటే అన్నిటికన్నా ఎక్కువ. తర్వాత సర్దుబాటు చేస్తారు, నిజమే. కానీ అడ్వాన్సులు, మంచాలు, చలికోట్లు అన్నీ ఒకేసారి నెత్తిన పడే నెలలోనే చేతికొచ్చేది తగ్గుతుంది.

అందుకే మొదటి బసను ఫొటోలు చూసి ఎంచుకోవద్దంటాను. మేం మొదట దిగింది ఓస్ట్‌బాన్‌హోఫ్ స్టేషన్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్ హోటల్లో. శుభ్రంగా ఉంది, రెండు పొయ్యిల చిన్న వంటగది ఉంది, ఆదివారం కూడా స్టేషన్‌లో సూపర్‌మార్కెట్ తెరిచే ఉంటుంది. కాగితం మాత్రం ఇవ్వరు. వారం పది రోజులకు హాయిగా ఉంటుంది, అంతకుమించి వృథా. తర్వాత మోఆబిట్‌లో సామానుతో సహా నెలల లెక్కన ఇచ్చే ఫ్లాట్‌లోకి మారాం. అద్దె వింటే గుండె గుభేలుమంది, కానీ కాగితం మొదటి రోజే చేతిలో పెట్టారు. మూడో దారి, ఎవరో ఊరెళ్తూ గది మనకు అద్దెకిచ్చి వెళ్లడం. అన్నిట్లోకీ చవక. అయితే "ఉండండి కానీ నమోదు చేసుకోవద్దు" అనేవాళ్లు ఇందులోనే ఎక్కువ. ఒంటరిగా వచ్చిన కుర్రాళ్లకు ఒప్పందంలో నమోదు సంగతి రాసి ఉంటే సరే, లేకపోతే వద్దు. "నేను వేరే దేశంలో ఉన్నాను, డబ్బు పంపితే తాళాలు పోస్టులో పంపుతా" అన్నాడంటే మోసమే, ఇంకో మెసేజ్ కూడా పెట్టక్కర్లేదు.

బ్యూర్గరామ్ట్ అపాయింట్‌మెంట్ దొరకడం ఒక టెన్షన్. ఇంటి దగ్గర ఆఫీసుకే వెళ్లాలని లేదు, ఊళ్లో ఎక్కడైనా చేయించుకోవచ్చు. ఆన్‌లైన్‌లో ఖాళీల్లేవని కనిపించినా పొద్దున్నే పేజీ తెరిచి చూస్తుంటే ఎవరో రద్దు చేసుకున్నవి తగులుతాయి. మాది అలాగే ష్పాండావ్‌లో దొరికింది. లోపల పని పది నిమిషాలు. మాటలన్నీ జర్మన్‌లోనే, కానీ కాగితాలు వరసగా పెట్టి ఇస్తే మాటల అవసరం పెద్దగా పడదు.

ఇక్కడ ఫ్లాట్ నంబర్లుండవు. గుమ్మం దగ్గర ఇత్తడి పలక, దాని మీద వరసగా బటన్లు, ఒక్కో బటన్ పక్కన ప్లాస్టిక్ కింద వేలెడంత చీటీ, దాని మీద ఇంటిపేరు. అంతే. పాత భవనాల్లో అదే నంబరుతో ముందు ఇల్లు, పెరటి అవతల వెనక ఇల్లు కూడా ఉంటాయి, కాబట్టి పోస్ట్‌మ్యాన్‌కి ఆధారం ఆ చీటీ ఒక్కటే. పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. ఇక్కడేమో బ్యాంకు పిన్ నంబరు నుంచి ఇన్సూరెన్స్ కార్డు దాకా ఉత్తరంలోనే వస్తాయి. మన పాస్‌పోర్టుల్లో భార్యది పుట్టింటి పేరు, భర్తది ఇంకోటి, పిల్లదానికి మూడోది కూడా ఉంటాయి కదా, అవన్నీ ఆ చీటీ మీద పట్టాలి. మా చీటీ మీద అక్షరాలు చీమల్లా ఉంటాయి. కాలేజీలో కూడా ఎవరూ పిలవని మా ఇంటిపేరుతో ఇప్పుడు ఈ ఊరంతా పిలుస్తోంది.

ఇంటర్నెట్ కోసం ఒక కంపెనీకి దరఖాస్తు పెట్టాం. మనిషి పొద్దున ఎనిమిది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట లోపు ఎప్పుడైనా వస్తాడన్నారు. సెలవు పెట్టి కూర్చున్నాను. సాయంత్రం మెయిల్ వచ్చింది: "బెల్ దగ్గర పేరు కనిపించలేదు, మీరు ఇంట్లో లేరు." చీటీ వేయించాల్సింది మేనేజ్‌మెంట్ వాళ్లు, వాళ్లింకా వేయలేదు. మళ్లీ తేదీ మూడు వారాల తర్వాత. ఇంటి తాళాలు తీసుకునే రోజే బెల్‌కి, పోస్టు డబ్బాకి పేరు ఎప్పుడు పెడతారో అడిగి, అప్పటిదాకా టేపుతో ఓ కాగితం అంటించేయండి.

సొంతంగా లీజుకి ఇల్లు వెతకడం అసలు పరీక్ష. మూడు నెలల జీతం స్లిప్పులు, పాత ఓనరుకు బాకీ లేమన్న కాగితం, షూఫా అనే అప్పుల చరిత్ర రిపోర్టు అడుగుతారు. కొత్తగా వచ్చినవాళ్లకు చరిత్రే ఉండదు, అందుకని మొదటి మూడు జీతాలు పడేదాకా గట్టి ప్రయత్నం చేసినా లాభం తక్కువ. ప్రకటనల్లో రెండు అద్దెలుంటాయి: కాల్ట్‌మీటేలో హీటింగ్, నీళ్లు, చెత్త ఖర్చులు కలపరు, వార్మ్‌మీటేలో కలుపుతారు. కరెంటు సాధారణంగా రెంటిలోనూ ఉండదు. డిపాజిట్ మూడు నెలల కాల్ట్‌మీటేకి మించకూడదు, దాన్ని మూడు నెలసరి వాయిదాల్లో కట్టే హక్కు చట్టమే ఇచ్చింది. ఓనరు తనంతట తాను చెప్పడు, మనమే అడగాలి.

ఇల్లు దొరికిందన్న సంబరంలో తలుపు తీస్తే వంటగదిలో వంటగది లేదు. గోడలోంచి రెండు నీళ్ల గొట్టాలు, పొయ్యి కోసం వదిలిన కరెంటు వైరు, పాత అలమారాలు తీసేసిన చోట లేత రంగు చతురస్రాలు. సీలింగ్‌కి బల్బు హోల్డర్లు కూడా పీక్కుపోయారు. ఇక్కడ అది మామూలే. ఖాళీ చేసేవాళ్లు వంట సామగ్రి అమ్ముతామంటే బేరమాడి తీసుకోవడం మేలు. కొత్తది ఆర్డరిస్తే అమర్చేదాకా కరెంటు పొయ్యి ఒకటి నేల మీద పెట్టుకుని వండుకోవాల్సిందే.

ఏరియాల విషయానికొస్తే, పేరున్న పేట కంటే మంచి రైలు లైను చూసుకోవడం మేలని నా అభిప్రాయం. ప్రెంట్స్‌లావర్ బెర్గ్ పిల్లలున్న ఇళ్లకు బాగుంటుంది, అద్దె మోయలేం. ఫ్రీడ్రిష్‌హైన్ రాత్రిపూట నిద్రపోదు. వెడ్డింగ్‌లో దుకాణాలు దండిగా ఉంటాయి, ధరలు అందుబాటులో ఉంటాయి, వీధులు మాత్రం కాస్త గలీజు. శార్లోటెన్‌బుర్గ్ పెద్దమనుషుల పేట. మేం చివరికి సీమెన్స్‌ష్టాట్‌లో స్థిరపడ్డాం. పక్కనే ఉన్న పాత కాలనీ బెర్లిన్‌లోని మరో ఐదు కాలనీలతో కలిసి 2008లో యునెస్కో జాబితాకెక్కింది. ఇళ్లు చిన్నవే, మధ్యలో చెట్లు పెద్దవి. సాయంత్రం ఏడు దాటితే తినడానికి పెద్దగా ఏమీ దొరకదు, అదొక్కటే లోటు. యూ7 మెట్రో దగ్గర కావడం అన్నిటికన్నా కలిసొచ్చింది. ష్పాండావ్ నుంచి రూడో దాకా ఊరిని ఈ చివర నుంచి ఆ చివరికి కోసుకుంటూ పోతుంది. హెర్మాన్‌ప్లాట్స్‌లో దిగితే హాసెన్‌హైడె పార్కు అంచున వినాయకుడి గుడి. ఇంకొన్ని స్టేషన్లు పోతే బ్రిట్స్‌లో తమిళుల మురుగన్ కోవెల. పండగ రోజు రెండూ చూసుకుని ఇంటికి రావచ్చు.

స్టేషన్లలో గేట్లుండవు, కానీ మామూలు బట్టల్లో చెకింగ్ వాళ్లు ఎక్కుతారు, టికెట్ లేకపోతే 60 యూరోలు. దేశమంతా లోకల్, రీజనల్ రైళ్లలో తిరిగే డాయ్‌చ్‌లాండ్ టికెట్ 2023లో 49 యూరోలతో మొదలై 2026లో 63 అయింది. పెరిగినా చవకే. చాలా కంపెనీలు అందులో కొంత భరిస్తాయి, హెచ్‌ఆర్‌ని అడగండి.

సోనా మసూరి, పచ్చళ్లు ఇండియన్ దుకాణాల్లో దొరుకుతాయి. కూరగాయలకు మాత్రం నేను అటు వెళ్లను. కొత్తిమీర, వంకాయలు, బకెట్ల లెక్కన గట్టి పెరుగు టర్కీ వాళ్ల దగ్గరే బాగుంటాయి. మంగళ, శుక్రవారాల్లో మైబాఖ్‌ఊఫర్ కాలువ గట్టున జరిగే సంతలో సాయంత్రం మూసేవేళకు ధరలు దిగుతాయి. కాకరకాయ కావాలంటే లిష్టెన్‌బెర్గ్‌లోని వియత్నాం వాళ్ల డాంగ్ షువాన్ సెంటర్ ఉంది, మంగళవారం సెలవు. ఇండియన్ రెస్టారెంట్ల గురించి ఎక్కువ చెప్పను. చాలావాటిలో ఏ కూర అడిగినా అదే తియ్యటి క్రీము గ్రేవీ.

ఆదివారం దుకాణాలు మూసేయడమే కాదు, చప్పుడూ చేయకూడదు. రోజూ రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా కూడా అంతే. ఇడ్లీపిండి శనివారం పగలే రుబ్బేసుకోవాలి. ఒకసారి ఆదివారం ఉదయం మిక్సీ వేస్తే కింది ఇంటావిడ పైకొచ్చి, కోపంగా ఏం కాదు, ఏదైనా పాడైందా అని అడిగింది. పార్సిళ్లొస్తే మా బదులు తీసుకుని ఉంచేది కూడా ఆవిడే.

వైద్యం బాగుంది, నెమ్మది ఎక్కువ. ప్రభుత్వ పద్ధతి ఇన్సూరెన్సులో సంపాదన లేని భార్యాపిల్లలకు విడిగా కట్టనక్కర్లేదు. వచ్చిన వెంటనే దగ్గర్లో ఒక ఫ్యామిలీ డాక్టరును చూసి పెట్టుకోండి, జ్వరమొచ్చాక వెతికితే కొత్త పేషంట్లను తీసుకోమనే మాట ఎక్కువ వినబడుతుంది. ప్రాణం మీదికొస్తే 112, అంత కాకపోయినా క్లినిక్ మూసిన వేళ డాక్టరు కావాలంటే 116117. పిల్లల కీటాకి, అంటే బడికి ముందు పంపే డేకేర్‌కి, బెర్లిన్‌లో 2018 నుంచి ఫీజు లేదు, భోజనానికి నెలకు 23 యూరోలే. సీటు దొరకడం వేరే కథ. కడుపుతో ఉన్నప్పుడే వెయిటింగ్ లిస్టులో రాయించేవాళ్లున్నారు.

అమ్మానాన్నలను పిలిపించాలనుకుంటే డిసెంబరు వద్దు. సాయంత్రం నాలుక్కాకముందే చీకటి పడుతుంది, ఇంట్లో కూర్చోబెడితే పాపం పదో రోజుకే టికెట్ ముందుకు మార్చమంటారు. జూన్‌లో తొమ్మిదిన్నర దాకా వెలుతురే. మూసేసిన పాత ఎయిర్‌పోర్టు టెంపెల్‌హోఫ్ ఇప్పుడు పార్కు, ఆ రన్‌వే మీద మా నాన్న రోజూ వాకింగ్‌కి తయారు. విజిటింగ్ వీసాకు ఖర్చులన్నీ మేమే భరిస్తామని మనం ఇక్కడ ఆఫీసులో రాసిచ్చే హామీపత్రం అడుగుతారు, 30,000 యూరోల ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. హామీపత్రానికి కూడా అపాయింట్‌మెంటే, కాబట్టి జూన్‌లో రావాలంటే ఫిబ్రవరిలోనే పేజీ తెరిచి కూర్చోండి.