కుస్కోలో మొదటి రోజు ఏ టూరూ పెట్టుకోకండి

విమానాశ్రయంలో పెట్టె లాగి పక్కన పెట్టేసరికే నాకు ఆయాసం వచ్చింది. పెరూలో ఒకప్పటి ఇంకా రాజుల రాజధాని కుస్కో 3,400 మీటర్ల ఎత్తున ఉంటుందని చదువుకునే వెళ్ళాం. చదవడం వేరు, పదహారు మెట్లెక్కి గోడ పట్టుకుని నిలబడడం వేరు.

డాలస్ నుంచి లిమా మీదుగా రాత్రంతా ప్రయాణం. ఉన్న ఆరు రోజుల్లో ఒక్క పూట కూడా వృథా కాకూడదని దిగిన రోజు మధ్యాహ్నమే సిటీ టూర్ బుక్ చేశాను. ఆ అతితెలివికి తగ్గ శాస్తే జరిగింది. ఊరికి పైనున్న ఇంకాల రాతి కోట సక్సాయ్‌వమాన్ దగ్గర అందరూ దిగారు, నేను తలనొప్పితో బస్సులోనే ఉండిపోయాను. మా ఆవిడ చూసొచ్చి ఫోన్లో ఫొటోలు చూపించింది.

బస శాన్ బ్లాస్ పేటలో. రాళ్ళు పరిచిన సందులు, తెల్ల గోడలు, నీలం తలుపులు, కిటికీ తీస్తే కింద ఊరంతా పెంకుటిళ్ళు. టాక్సీ మాత్రం సందు మొదట్లోనే ఆగిపోతుంది, అక్కణ్ణుంచి పెట్టెలు మనమే మోసుకోవాలి. హోటలామె ఫ్లాస్కు నిండా కోకా ఆకు టీ పెట్టి ఉంచేది. పచ్చి ఆకు వాసన, కాస్త వగరు. తలనొప్పి దానివల్ల తగ్గిందో, పడుకుంటే తగ్గిందో చెప్పలేను. మళ్ళీ వెళ్తే మాత్రం దిగగానే కారెక్కి కింద లోయలో ఉన్న ఊరు ఒయాంతాయ్‌తాంబోకి పోతాను. అది దాదాపు 2,800 మీటర్లే. రెండు రాత్రులు అక్కడ పడుకుని, ఒంటికి అలవాటయ్యాక కుస్కోకి ఎక్కి రావడం మేలు.

టూరిస్టు టికెట్ మేం వెళ్ళినప్పుడు పెరూ డబ్బుల్లో 130 సోల్‌లు. పదహారు చోట్లకి, పది రోజులు చెల్లుతుంది. లోయలోని ఇంకాల కట్టడాలు పిసాక్, మొరాయ్, ఒయాంతాయ్‌తాంబో కూడా అందులోనే, కాబట్టి లోయలోకి వెళ్ళేవాళ్ళకి గిట్టుబాటే. కొరికాంచ గుడికీ ఊళ్ళోని పెద్ద చర్చి కతీడ్రల్‌కీ విడిగా కట్టాలి. ఆ సంగతి మాకు గేటు దగ్గర తెలిసింది.

విడిగా కట్టినా కొరికాంచ వదలకండి. ఇంకాల సూర్య దేవాలయం అది. గోడలకున్న బంగారు రేకులు స్పెయిన్ వాళ్ళు ఊడదీసుకుని, దానిమీదే మఠం కట్టారు. 1950 భూకంపంలో మఠం బాగా దెబ్బతింది, కింద ఇంకాల గోడలు చెక్కుచెదరలేదు. ఆ గోడలు నిటారుగా ఉండవు, పైకి పోయేకొద్దీ లోపలికి వాలి ఉంటాయి. రాయికీ రాయికీ మధ్య సున్నం లేదు. అతుకు మీద గోరు పెట్టి గీస్తే ఎక్కడా తగల్లేదు. (గీయకూడదట. కాపలా ఆయన ఈల వేశాడు.)

నాలుగో రోజు సక్సాయ్‌వమాన్‌కి మళ్ళీ వెళ్ళాం, ఈసారి ఏ టూరూ లేకుండా, పొద్దున్నే, మధ్యమధ్య కూర్చుంటూ. వంద టన్నులు దాటే రాళ్ళున్నాయంటారు. చిన్నచిన్న రాళ్ళన్నీ స్పెయిన్ వాళ్ళు ఇళ్ళకీ చర్చిలకీ పట్టుకుపోయారు, కదపలేనివే మిగిలాయి. బస్సు టూర్లో దీనికి ఇచ్చింది నలభై నిమిషాలు. మేం రెండున్నర గంటలు తిరిగాం.

కతీడ్రల్‌లో చివరి విందు చిత్రం చూడండి. క్రీస్తు ముందు పళ్ళెంలో వెల్లకిలా పడుకోబెట్టిన కూయ్, అంటే అక్కడి వాళ్ళు వేయించుకు తినే గినీ పంది. శాకాహారులు బెంగపడక్కర్లేదు. శాన్ పెద్రో మార్కెట్లో క్వినోవా సూపు, జున్నుముక్కతో ఉడికించిన మొక్కజొన్న దొరుకుతాయి. గింజ ఒక్కోటి బొటనవేలి గోరంత.

రెయిన్‌బో కొండకి (చారలు చారలుగా రంగులుండే కొండ) మాత్రం డబ్బు దండగ. చిన్న గ్రూపన్నారు, తెల్లవారుజామున మూడున్నరకి వ్యానులో పద్దెనిమిది మందిని కుక్కారు. ఐదు వేల మీటర్లు దాటిన ఎత్తు. నేను సగంలో కూలబడ్డాను, మా ఆవిడ గుర్రమెక్కి పైదాకా వెళ్ళింది. పైన మంచు తప్ప రంగులేవీ కనబడలేదట. గైడ్ ఏమో పావుగంటలో దిగమన్నాడు. వాతావరణం వాళ్ళ చేతిలో లేదు, ఒప్పుకుంటాను. వ్యాను వాళ్ళ చేతిలోదే కదా.

ఆఖరి రోజు మరాస్‌కి టాక్సీ మాట్లాడుకున్నాం. కొండవాలు పొడుగునా వేల ఉప్పు మడులు, వాటిలోకి పిల్లకాలవల్లో పారే ఉప్పు ఊట. వేలు ముంచి నాకితే నాలుక మండింది. గులాబీ రంగు కల్లుప్పు ఒక పొట్లం తెచ్చుకున్నాం. మజ్జిగలో అదే వేసుకుంటున్నాం, ఇంకా సగం ఉంది.